ఎక్స్-రే టెలిస్కోప్‌కి తేలికైన అద్దాలు, అల్యూమినియం రేకుతో ఎలా చేస్తారంటే

ముందే చెప్తున్నా, ఇది ఇంట్లో చేసే పని కాదు, వాక్యూమ్ ఛాంబరూ క్లీన్ రూమూ ఉన్న ల్యాబ్ కావాలి. ఎక్స్-రేలు మామూలు అద్దానికి ఎదురుగా తగిలితే లోపలికి దూరిపోతాయి గానీ వెనక్కి రావు, చెరువు నీళ్ల మీద పెంకు విసిరినట్టు బాగా ఏటవాలుగా తగిలితేనే ఎగిరి పక్కకి పోతాయి. అందుకే అద్దం గొట్టంలా ఉంటుంది, ముందు భాగం పారాబొలా అనే వంపు, వెనక భాగం హైపర్‌బొలా అనే ఇంకో వంపు, ఎక్స్-రేలు రెండుసార్లు తగిలి ఫోకస్‌కి చేరతాయి, దీన్నే వోల్టర్ డిజైన్ అంటారు.

తంటా ఏంటంటే ఒక డిగ్రీ కోణంలో 10 సెంటీమీటర్ల అద్దాన్ని ఎదురుగా చూస్తే 1.7 మిల్లీమీటర్లే కనిపిస్తుంది, సో ఒకదాంట్లో ఒకటి పదులకొద్దీ పెట్టాలి, ఒక్కోటీ మందంగా ఉంటే వెలుతురు వచ్చే దారంతా అంచులే మూసేస్తాయి. నాసా వాళ్ల చంద్రా ఎక్స్-రే టెలిస్కోప్‌లో మందపాటి గ్లాస్ అద్దాలు నాలుగు జతలే, బొమ్మ మాత్రం అర ఆర్క్‌సెకండ్ షార్ప్ (ఆర్క్‌సెకండ్ అంటే డిగ్రీలో 3600వ వంతు, ఎంత తక్కువైతే అంత షార్ప్), బరువు కూడా అలాగే ఉంటుంది మరి.

ఇక పని. పల్చటి అల్యూమినియం రేకు తీసుకోండి, 0.15 నుంచి 0.3 మిల్లీమీటర్లు. పారాబొలా జోలికి పోకుండా నేరుగా కోన్ చేసేయండి, కొంచెం మసక వస్తుంది కానీ చాలా సులువు. రేకుని కోన్ అచ్చుకి అదిమి ఓవెన్‌లో వేడి చేస్తే ఆ వంపు నిలబడిపోతుంది.

రేకుని పాలిష్ చేద్దామని మాత్రం కూర్చోకండి, నానోమీటర్ లెవెల్ నునుపు కావాలి, పల్చటి రేకు మీద అది అయ్యే పని కాదు. ఆ నునుపు గాజు దగ్గర అప్పు తెచ్చుకోవాలి. బాగా నున్నగా ఉన్న బోరోసిలికేట్ గ్లాస్ గొట్టాలు ఏరి, వాటి మీద బంగారం స్పటర్ చేసి (అంటే వాక్యూమ్‌లో అణువులుగా రాల్చి పల్చటి పూత వేసి), ఎపాక్సీ అనే జిగురు పల్చగా స్ప్రే కొట్టి, వాక్యూమ్‌లోనే రేకుని అతికించండి, బయట అతికిస్తే గాలి బుడగలు ఇరుక్కుంటాయి. ఓవెన్‌లో ఎపాక్సీ గట్టిపడ్డాక రేకు లేపితే, బంగారానికి గాజు మీద పట్టు తక్కువ కాబట్టి రేకుతో పాటే వచ్చేస్తుంది. ఎపాక్సీ మందంగా పడిందా, గట్టిపడేటప్పుడు కుంచించుకుని రేకుని లాగేస్తుంది, వంపు చెడుతుంది.

అసలు కష్టం బిగించడంలోనే, నా లెక్కలో సగం పని ఇదే. కోన్ చుట్టుకొలతలో పావు వంతు వచ్చేలా రేకులు ముక్కలుగా చేసి, గాళ్లు కోసిన బార్లలో దూర్చుతారు. గాడి రేకు కన్నా కాస్త వెడల్పు లేకపోతే దూరదు, వెడల్పు ఉంటే కదులుతుంది, అందుకే లైట్ బీమ్ వేసి చూస్తూ సర్ది, కుదిరాక జిగురుతో ఫిక్స్ చేయడం బెటర్.

మన ఇస్రో ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌లో, 2015లో శ్రీహరికోట నుంచి పోయింది కదా, సాఫ్ట్ ఎక్స్-రే టెలిస్కోప్ ఇలాంటి బంగారు పూత రేకులతోనే చేశారు, ముంబైలో టీఐఎఫ్ఆర్ అనే పరిశోధన సంస్థ వాళ్లు, ఒకదాంట్లో ఒకటిగా 40 షెల్స్ (అద్దాల పొరలు), ఫోకల్ లెంగ్త్, అంటే అద్దం నుంచి ఫోకస్‌కి దూరం, 2 మీటర్లు. జపాన్ వాళ్ల ఎక్స్-రే ఉపగ్రహం సుజాకు అద్దాలూ ఈ పద్ధతే, ఒక్కో టెలిస్కోప్‌కి అద్దాల బరువు 20 కేజీల లోపే, షార్ప్‌నెస్ మాత్రం 2 ఆర్క్‌మినిట్లు, అంటే 120 ఆర్క్‌సెకండ్లు. పక్కపక్క నక్షత్రాలు విడివిడిగా కావాలంటే ఈ దారి వద్దు, స్పెక్ట్రమ్ (ఏ శక్తి ఎక్స్-రేలు ఎన్ని వస్తున్నాయనే లెక్క) కోసం ఎక్కువ ఫోటాన్లు, అంటే ఎక్స్-రే కణాలు, పోగేయాలంటే మాత్రం ఇదే చవక.