ఆయిల్ తాగే పాత కారుతో ఘాట్ ఎక్కుతున్నారా? ముందు డిప్‌స్టిక్ చూడండి

పోయిన ఆదివారం రాత్రి మా తోడల్లుడి కారు సుంకి ఘాట్‌లో ఆగిపోయింది. పదిహేనేళ్ల పెట్రోల్ కారు. విజయనగరం నుంచి ఒడిశాలోని జయపురం వస్తున్నారు, లోపల ఐదుగురు. సగం ఘాట్ ఎక్కాక ఇంజన్‌లో టకటకమని చప్పుడు మొదలైంది. ఇంకో రెండు మలుపులు తిరిగేసరికి ఇంజన్ పట్టేసింది. ఇంజన్ ఆగిందంటే పవర్ స్టీరింగ్ ఉండదు, బ్రేకు పెడల్ రెండు మూడుసార్లు తొక్కేసరికి రాయిలా బిగుసుకుంటుంది. బండి వెనక్కి జారుతుంటే ఆయన హ్యాండ్ బ్రేకు లాగి పట్టుకున్నాడు, వాళ్లబ్బాయి దూకి టైరు కింద రాయి పెట్టాడు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ సమయానికి వెనకాల లోడు లారీ లేకపోవడం వాళ్ల అదృష్టం.

మర్నాడు నేను వెళ్లి డిప్‌స్టిక్ లాగి చూశాను. ఆ ఆయిల్ కొలిచే పుల్ల చివర నల్లటి జిగురు తప్ప ఆయిల్ తడి లేదు. డిక్కీలో బియ్యం మూట కింద లీటరు ఆయిల్ డబ్బా దొరికింది, సీలు కూడా తీయలేదు. "లైటు వెలిగితే పోద్దామని ఉంచాను అన్నయ్యా" అన్నాడు. మెకానిక్ చెప్పిన రిపేరు ఖర్చు, ఆ కారు అమ్మితే వచ్చే డబ్బుకు కాస్త అటూ ఇటూగా ఉంది.

దసరా సెలవులు వస్తున్నాయి. ఆ తర్వాత మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను. జయపురం, కోరాపుట్, సునాబెడ, రాయగడల నుంచి మనవాళ్లు పాత కార్లేసుకుని కిందికి దిగుతారు. ఏడాదంతా బజారుకీ బడికీ తిరిగిన కారుతో ఒక్కసారిగా 400 కిలోమీటర్ల ప్రయాణం. అందుకే ఇది రాస్తున్నాను. టైర్లు, కూలెంట్, బ్రేకుల సంగతి మీకు తెలుసు. నేను చెప్పేది ఒక్క పొరపాటు గురించి. ఇరవై ఏళ్లుగా ఈ దారిలో బండి నడుపుతున్నాను, ఇంజన్లు పోగొట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది చేసింది ఇదే.

లైటు వెలగలేదు కాబట్టి ఆయిల్ ఉంది అనుకోవడం.

డ్యాష్‌బోర్డు మీద ఆయిల్ డబ్బా బొమ్మతో వచ్చే ఎర్ర లైటు ఆయిల్ ఎంతుందో చెప్పదు. ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని చెబుతుంది. వేడెక్కిన ఇంజన్ రోడ్డు మీద పరుగెత్తేటప్పుడు ప్రెషర్ మామూలుగా 2 నుంచి 4 బార్ (ప్రెషర్ కొలిచే ప్రమాణం) దాకా ఉంటుంది. చాలా కార్లలో ఆ లైటు స్విచ్ పనిచేసేది అది అర బార్ దగ్గరికో, అంతకంటే కిందికో పడినప్పుడు. అంటే లైటు వెలిగేసరికే బేరింగుల మధ్య ఉండాల్సిన ఆయిల్ పొర చెదిరిపోతోందన్నమాట.

ఘాట్‌లో ఇది ఇంకా ప్రమాదం. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌లో ఆయిల్ తక్కువగా ఉంటే మలుపు తిరిగినప్పుడు అది ఒక పక్కకు ఒరుగుతుంది, పంపు గాలి పీలుస్తుంది. లైటు ఒక్క క్షణం మిణుక్కుమని, బండి మలుపు దాటి తిన్నగా కాగానే ఆరిపోతుంది. మా తోడల్లుడికి మూడు మలుపుల్లో అలా మిణుక్కుమంది. "ఆరిపోయింది కదా" అని వెళ్లిపోయాడు. మలుపులో ఎర్ర లైటు ఒక్కసారి మెరిసినా సరే, బండి పక్కకు తీసి ఇంజన్ ఆపేయాలి.

ఇక డిప్‌స్టిక్ చూడడం గురించి. సమంగా ఉన్న నేల కావాలి. మన ఊళ్లలో ఇళ్ల ముందు వాలు ఎక్కువ. ముక్కు పైకి పెట్టి నిలిపిన కారులో కొలత తప్పు చూపిస్తుంది, ఎటు తప్పుతుందన్నది పుల్ల ఎక్కడ ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. పెట్రోల్ బంకు ఆవరణ మంచి చోటు. ఇంజన్ ఆపి పది నిమిషాలు ఆగండి. పుల్ల తీసి, గుడ్డతో శుభ్రంగా తుడిచి, చివరిదాకా దించి మళ్లీ తీసి రెండు వైపులా చూడండి. రెండు వైపులా వేర్వేరుగా కనిపిస్తే తక్కువ ఉన్నదే లెక్క. కింది గీతకూ పై గీతకూ మధ్య చాలా కార్లలో దాదాపు లీటరు తేడా ఉంటుంది, చిన్న కార్లలో ఇంకా తక్కువ. చిన్న పెట్రోల్ కార్లకు మొత్తం పట్టేదే మూడు నాలుగు లీటర్లు.

తర్వాత, మీ కారు ఎంత తాగుతోందో కొలవండి. పై గీత దాకా నింపి, కిలోమీటర్లు కాగితం మీద రాసుకుని, 500 తిరిగాక చూడండి. కొన్ని కార్ల మాన్యువళ్లలో 1,000 కిలోమీటర్లకు లీటరు దాకా ఫర్వాలేదని ఉంటుంది. ఫర్వాలేదంటే ఇంజన్ విప్పక్కర్లేదని అర్థం, చూసుకోనక్కర్లేదని కాదు. అంత తాగే కారు విశాఖ వెళ్లొచ్చేసరికి అర లీటరుకు దగ్గరగా మింగేస్తుంది.

ఇంకో మోసం ఉంది. కోరాపుట్ చలిలో రోజూ రెండు కిలోమీటర్లు తిరిగే కారులో కాస్త పెట్రోలు, కాస్త నీటి ఆవిరి ఆయిల్‌లో కలుస్తాయి. ఆయిల్ తగ్గుతున్నా పుల్ల మీద తగ్గినట్టు కనిపించదు. హైవే ఎక్కి ఇంజన్ బాగా కాగాక అవి ఆవిరైపోతాయి, మట్టం గబుక్కున పడుతుంది. "బయల్దేరేటప్పుడు నిండుగానే ఉంది" అనేవాళ్ల మాట నిజమే. అందుకే దారిలో మళ్లీ చూడాలి.

ఆయిల్ ఎటు పోతోందో కొంతవరకు మీరే పట్టుకోవచ్చు. రాత్రి కారు కింద అట్ట ముక్క పరవండి. పొద్దున మరకలుంటే కారుతోంది: ట్యాపెట్ కవర్ ప్యాకింగ్, డ్రెయిన్ బోల్టు, క్రాంక్ సీలు. కారుడు లేకపోతే చాలావరకు కాలుతోందనే అనుకోవాలి. నీలం పొగ ఆయిల్‌ది, నలుపు డీజిల్ లేదా పెట్రోలుది, ఆగకుండా వచ్చే తెలుపు కూలెంట్‌ది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే నీలం పొగ గుప్పున వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లను అనుమానించండి. పెట్రోల్ కారులో గేరు మీద ఘాట్ దిగి, కింద యాక్సిలరేటర్ తొక్కగానే వచ్చినా అవే. ఎక్కుడులో తొక్కినంతసేపూ వస్తూ, ఆయిల్ మూత తీస్తే పొగ ఎగదన్నుతుంటే దాన్నే మనవాళ్లు బ్యాక్ కంప్రెషన్ అంటారు. పిస్టన్ రింగులు అరిగి ఉండవచ్చు. కానీ బోర్ పనికి (ఇంజన్ విప్పి సిలిండర్లు సరిచేయడానికి) ఒప్పుకునే ముందు, ఇంజన్ లోపలి ఆవిర్లు పోయే బ్రీదర్ వాల్వ్ చూపించండి. అది మూసుకుపోయినా ఆయిల్ కాలుతుంది, దాని ధర బోర్ పనితో పోలిస్తే లెక్కలోకి రాదు. తర్వాత కంప్రెషన్ (సిలిండర్ లోపల గాలి నొక్కుడు) కొలిపించండి. తక్కువ వచ్చిన సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే, పెరిగితే రింగులు, పెరక్కపోతే ఎక్కువసార్లు వాల్వుల పని. ఈ పరీక్ష చేయకుండా "ఇంజన్ విప్పేద్దాం" అనే చోట కారు ఇవ్వకండి.

ఇక బయల్దేరేవాళ్లకు:

లైటు చూసి బయల్దేరకండి. పుల్ల చూసి బయల్దేరండి.

ఘాట్ ఎక్కే ముందు సాలూరులో ఆగి మళ్లీ చూడండి, ఎక్కాక పొట్టంగిలో ఇంకోసారి.

పై గీత దాటి పోయకండి. ఎక్కువైతే తిరిగే క్రాంక్ షాఫ్ట్ దాన్ని చిలికి నురగ చేస్తుంది, నురగతో ప్రెషర్ నిలవదు.

టర్బో డీజిల్ అయితే ఎక్కువైన ఆయిల్‌నే ఇంధనంగా తాగి ఇంజన్ కీ తీసినా ఆగకుండా రేగిపోవచ్చు. గేరు బండి అయితే పై గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కి పట్టి, క్లచ్ ఒక్కసారిగా వదిలేయండి. ఆగకపోతే అందరూ దిగి దూరంగా పోండి.

మాన్యువల్‌లో ఉన్న గ్రేడే పోయండి. అది దొరకనప్పుడు, మట్టం కింది గీతకు పడితే, దొరికిన మంచి కారు ఇంజన్ ఆయిల్ పోసినా ఖాళీ ఇంజన్ కంటే నయం.

లూజు ఆయిల్ వద్దు.

ప్రయాణానికి ముందు వారం ఫ్లష్ (మందు పోసి ఇంజన్ లోపల కడగడం) కొట్టించకండి. పాత ఇంజన్‌లో కదిలిన మడ్డి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడుతుంది.

వేడి ఇంజన్ మీద ఆయిల్ ఒలికించకండి. ఎగ్జాస్ట్ గొట్టం మీద పడితే నిప్పంటుకోవచ్చు.

ఎర్ర లైటు వెలిగితే "పక్క ఊరి దాకా" అనొద్దు. అక్కడే ఆపండి. టైర్ల కింద రాళ్లు పెట్టి, పిల్లల్ని కొండ వైపు నిలబెట్టండి.

ఆయిల్ పోశాక కూడా లైటు ఆరకపోతే, చప్పుడు వస్తుంటే, మళ్లీ స్టార్ట్ చేయకండి. లాగించుకెళ్లండి.

లైటు వెలగలేదని ధైర్యపడకండి. మళ్లీ చెబుతున్నాను, అది ఆయిల్ కొలత కాదు.

డబ్బా డిక్కీలో మూటల కింద వద్దు. డ్రైవరు సీటు వెనక పెట్టండి, గరాటూ పాత గుడ్డా దాంతోపాటే.