ఎల్ఫ్‌ల నగరాన్ని కట్టి కూల్చే పద్ధతి

మా మనవడూ వాడి స్నేహితులూ ఆదివారాలు బల్ల చుట్టూ చేరి, పాచికలు వేస్తూ కథ నడుపుకునే ఆట ఒకటి ఆడతారు. ఆ కథలోని రాజ్యాలకు పాత చరిత్ర రాసిపెట్టే పని నాది. నేను నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరైనవాణ్ని. అందుకని నా ఎల్ఫ్‌ల (పాశ్చాత్య కథల్లో వందల ఏళ్లు బతికే దివ్యజాతి) కాళ్లకు కాస్త బురద ఉంటుంది. ఆటకైనా నవలకైనా ‘వేల ఏళ్ల కిందట వెలుగు వెలిగి మాయమైన ప్రాచీన ఎల్ఫ్ నాగరికత’ అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకొనేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఏం తిని వెలిగింది? ఎవరు ఏ పని మానేస్తే ఆరిపోయింది? అవి రాయాలనుకునేవారికి ఈ పద్ధతి పనికొస్తుంది.

ముందు పొలం చూడండి. గోపురాలు, వెండి ద్వారాలు తర్వాత. నగరంలో 40,000 మంది ఉన్నారనుకుందాం. తలకు ఏడాదికి 200 కిలోల ధాన్యం చొప్పున 8,000 టన్నులు కావాలి. రసాయన ఎరువులు లేని కాలం కాబట్టి ఎకరాకు 400 కిలోలు పండాయనుకుంటే 20,000 ఎకరాలు. విత్తనాలకూ ఎలుకలకూ పోయేది కలిపి 25,000 ఎకరాలు వేసుకోండి. ఒక టీఎంసీ (వంద కోట్ల ఘనపుటడుగులు) నీటికి 10,000 ఎకరాల ఆరుతడి పంట, అంటే వరిలా నిలువ నీరు అక్కర్లేని పంట అన్నది మాలో వాడుకలో ఉన్న మోటు లెక్క. ఆ లెక్కన రెండున్నర టీఎంసీలు కావాలి. దానికి వరంగల్ వైపు ఉన్న పాఖాల వంటి పెద్ద చెరువు ఒకటైనా ఉండాలి, లేదంటే ఒకటి నిండి పొర్లిన అలుగు నీరు మరొకదానిలోకి దిగే గొలుసుకట్టు చెరువులైనా ఉండాలి. ఎల్ఫ్‌లు అడవిలో పండ్లూ తేనే తిని బతుకుతారు కదా అని మా మనవడు వాదించాడు. బతకవచ్చు. అప్పుడు గుంపులు ఉంటాయి గానీ నగరం ఉండదు.

ఈ లెక్క ఆటలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. కానీ ఇది మీ దగ్గర ఉంటే పటం దానంతట అదే గీసుకుంటుంది. కొండలు ఎటువైపో, కట్ట ఎక్కడ పడుతుందో, ఆయకట్టు చివరన ఏ ఊళ్లు ఉంటాయో తెలిసిపోతుంది. చివరి ఊళ్ల పేర్లు తప్పకుండా రాసిపెట్టుకోండి. చిచ్చు మొదలయ్యేది అక్కడే.

ఎదుగుదలకు ఒక్క కారణం చాలు. పది గొప్పతనాలు అంటగడితే ఒక్కటీ నమ్మబుద్ధి కాదు. నేను రాసిన నగరానికి ఏడు చెరువుల గొలుసే బలం. కరువులో పొరుగువాళ్లు ఎండిపోతుంటే వీళ్లకు గింజలు మిగిలాయి. మిగిలిన గింజలతో కమ్మరులను, కవులను, సైనికులను పోషించారు. వెండి ద్వారం ఇప్పుడు పెట్టుకోండి, అభ్యంతరం లేదు.

ఇక ఆయుష్షు. ఎల్ఫ్ 800 ఏళ్లు బతుకుతాడని రాసేవాళ్లు దాని పర్యవసానం రాయరు. జంటకు ముగ్గురు పిల్లలు, తరానికి 150 ఏళ్లు అనుకోండి. ఒక మహమ్మారికి జనంలో సగం పోతే, తిరిగి పాత సంఖ్యకు చేరడానికి సుమారు 250 ఏళ్లు పడుతుంది. తరానికి పాతికేళ్ల చొప్పున మనుషులు అదే లెక్కలో నలభై ఏళ్లు దాటగానే కోలుకుంటారు. ఎల్ఫ్‌లు మనుషుల చేతిలో ఎందుకు ఓడిపోయారన్న ప్రశ్నకు నాకు ఈ కూడికలే చాలు, మంత్రాలు అక్కర్లేదు.

అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. మన రాజ్యాల్లో కట్ట వేసినవాడు పోతాడు, వాడి మనవడికి నీళ్లు వదిలే తూము సంగతి తెలియదు, చెరువు పాడవుతుంది. ఎల్ఫ్‌ల దగ్గర తూము పెట్టినవాడు ఇంకా బతికే ఉంటాడు. 500 ఏళ్లుగా అదే కుర్చీలో కూర్చుని, తలుపు ఎన్ని అంగుళాలు ఎత్తాలో తానొక్కడే చెబుతుంటాడు. అడిగితే చెప్పేవాడు ఎదురుగా ఉన్నాడు కాబట్టి ఎవరూ ఏదీ రాసిపెట్టుకోరు. మూడొందల ఏళ్ల ‘కుర్రవాళ్ల’ చేతికి తాళం ఇవ్వరు. చివరికి ఆ ఒక్కడూ పోయిన రోజున విద్య మొత్తం ఒకేసారి పోతుంది. మీ ఎల్ఫ్‌ల పతనానికి నేను ఇవ్వగలిగిన ఏకైక కీలకం ఇదే: వాళ్లు వరమనుకున్న దీర్ఘాయువే వాళ్లను ముంచాలి.

ఇప్పుడు పతనాన్ని తేదీలతో రాయండి, కానీ నెమ్మదిగా. నా కాలక్రమం ఇలా నడుస్తుంది. నగరం పుట్టిన 60వ ఏట మొదటి కట్ట, 300 నాటికి ఏడో చెరువు. 650లో వెండి కొలుముల బొగ్గు కోసం ఎగువ అడవిని నరికారు, వానకు మట్టి చెరువుల్లోకి దిగడం మొదలైంది. 700లో మహమ్మారి. పూడిక తీయడానికి మనుషులు ఎక్కువగా కావాల్సిన కాలంలోనే సగం మంది లేరు. ఉన్నవాళ్లతో ప్రభువుల తోటలకు నీరిచ్చే మొదటి చెరువు ఒక్కటే బాగు చేయించుకున్నారు. 850కి చివరి ఊళ్లకు నీరు అందలేదు, వాళ్లు పన్ను కట్టడం మానేశారు. 1000లో తూముల పెద్ద కన్నుమూశాడు. 1003లో పెద్ద వాన వచ్చింది. మూడో చెరువు తూము సమయానికి ఎత్తేవాడు లేక కట్ట తెగింది. గొలుసుకట్టులో పైకట్ట తెగితే కింది కట్టలకు దిక్కుండదు. ఒక్క రాత్రిలో నాలుగు, ఐదు, ఆరు, ఏడో చెరువులు కూడా పోయాయి. పాటల్లో మాత్రం నగరం ‘ఒక్క రాత్రిలో’ మునిగిందని ఉంటుంది. పాడేవాళ్లకు 350 ఏళ్ల పూడిక ఎలా కనిపిస్తుంది?

ఇవి గాలిలోంచి తీసినవి కావు. కంబోడియాలోని పాత రాజధాని ఆంగ్‌కోర్‌ను చూడండి. అక్కడి పశ్చిమ బరాయ్ దాదాపు ఎనిమిది కిలోమీటర్ల పొడవు, రెండు కిలోమీటర్ల వెడల్పు ఉన్న జలాశయం. 14, 15 శతాబ్దాల్లో దీర్ఘమైన కరువులూ వాటి మధ్య విపరీతమైన వానలూ వచ్చాయని చెట్ల వలయాలు చెబుతున్నాయి, ఆ దెబ్బకు కాలువల వ్యవస్థ ఛిద్రమైంది. శ్రీలంకలోని పొలొన్నరువ నగరం 12వ శతాబ్దంలో పరాక్రమబాహు రాజు చెరువులతో కళకళలాడింది. 1215లో కళింగ నుంచి వచ్చిన మాఘుడి దండయాత్ర తర్వాత ఆ నీటి వ్యవస్థను నడిపే యంత్రాంగం చెదిరి, జనం క్రమంగా నైరుతి వైపు తరలిపోయారు.

మన కాకతీయుల కథ దీనికి అడ్డంగా ఉంటుంది, అందుకే నాకు ఇష్టం. 1323లో రాజ్యం పోయింది. రామప్ప, పాఖాల చెరువులు ఈనాటికీ పొలాలు తడుపుతున్నాయి. రాజు పడిపోవడం వేరు, నీరు పడిపోవడం వేరు. మీ నగరంలో ఏది ముందు పడిందో తేల్చుకోండి. రెండూ ఒకే రోజు పడితే అది సోమరి రచన.

ఎల్ఫ్‌ల మీద రాస్తూ ధాన్యం గోల ఏమిటని అడిగేవారికి ఐర్లాండ్ పురాణాలు చూపిస్తాను. అక్కడి తూఅహ డే డానన్ అనే దివ్యజాతి ఎల్ఫ్‌లకు దగ్గరి చుట్టం. ఉత్తరాన ఉన్న నాలుగు నగరాల నుంచి నాలుగు నిధులతో వచ్చారు. వాళ్ల రాజు నువాడ యుద్ధంలో చేయి పోగొట్టుకున్నాడు. అంగలోపం ఉన్నవాడు ఏలరాదు కాబట్టి బ్రెస్ గద్దెనెక్కాడు. వీడు పరమ పిసినారి. తన ఇంటికి వచ్చిన కవికి చీకటి గదీ మూడు ఎండు రొట్టెలూ ఇచ్చి తిట్టుకవిత్వం పాలయ్యాడు. గద్దె పోయాక శత్రువులను వెంటబెట్టుకొచ్చి ఓడిపోయాడు. అయినా ప్రాణం దక్కింది. ఎందుకంటే ఎప్పుడు దున్నాలో, విత్తాలో, కోయాలో చెప్పాడు. గెలిచిన దివ్యజాతికి ఆ సంగతి శత్రువే చెప్పాల్సి వచ్చింది! తర్వాత మిల్ కొడుకులనే మనుషులు వచ్చి వాళ్లను ఓడించారు, వాళ్లు మట్టిదిబ్బల కిందికి తప్పుకున్నారు. అక్కడి నుంచే మనుషుల పంటనూ పాలనూ పాడుచేస్తూ పోతే, చివరికి మనుషులు వాళ్ల పెద్ద దాగ్దాతో ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది. ఓడిపోయిన ఎల్ఫ్‌ల చేతిలో ఏ బెదిరింపు మిగులుతుందో రాయాలంటే ఇంతకన్నా మంచి నమూనా నాకు దొరకలేదు.

ఆ దిబ్బల్లో ఒకటి న్యూగ్రేంజ్. దాన్ని నిజంగా కట్టింది సుమారు 5,200 ఏళ్ల కిందటి రైతులు. శీతాకాలంలో అతి చిన్న పగలు వచ్చే రోజుల్లో సూర్యోదయపు వెలుగు లోపలి గది దాకా పోయేట్టు కట్టారు. ఎన్నో తరాల తర్వాత వచ్చినవాళ్లు దాన్ని దేవతల ఇల్లన్నారు. కాబట్టి మీ శిథిలాలకు కూడా కనీసం ఇద్దరు కథకులను పెట్టండి. చివరి ఊళ్ల సంతతి ‘ప్రభువులు మా నీళ్లు దొంగిలించారు’ అంటుంది. ప్రభువుల సంతతి ‘పన్ను ఎగ్గొట్టిన ద్రోహుల వల్ల మునిగాం’ అంటుంది. ఎవరిది నిజమో మీరు తీర్పు చెప్పకండి. పూడిక పొరలు, అరిగిన తూము మెట్లు, ఎత్తు పెంచిన మొదటి చెరువు కట్ట మాత్రం పటంలో ఉంచండి.

రాసిందంతా ఆటగాళ్లకు చదివి వినిపించాలన్న కోరిక పుడుతుంది. అణచుకోండి. వాళ్లు అడిగిందే చెప్పండి. మావాళ్లు ఇంతవరకు అడిగింది డ్రాగన్ ఎక్కడుందని మాత్రమే. మూడో చెరువు తూము గదిలో పెట్టాను. దాన్ని చేరాలంటే తలుపు ఎన్ని అంగుళాలు ఎత్తాలో వాళ్లే కనుక్కోవాలి.