చాట్‌లో మాట్లాడుతున్నది మనిషా, బాటా: లక్షణం, కారణం, పరిష్కారం

హనుమకొండ నయీంనగర్‌లో అద్దె ఇల్లు వెతికేవారైనా, ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి ధర వాకబు చేసే రైతులైనా ఇప్పుడు ముందుగా వాట్సాప్‌లోనే పలకరిస్తున్నారు. అవతల ఉన్నది మనిషా, దానంతట అదే జవాబిచ్చే ప్రోగ్రామా (బాట్) అన్న అనుమానం రాగానే చాలామంది చిక్కు ప్రశ్నలు వేస్తారే తప్ప, దుకాణం బోర్డు మీదో తెలిసినవారి దగ్గరో దొరికే నంబరుకు ఒక్కసారి ఫోన్ చేయరు. దయచేసి ముందు ఆ పని చేయండి. అది కుదరనప్పుడే కిందివాటి అవసరం వస్తుంది.

లక్షణం: పంపిన క్షణంలోనే జవాబు వచ్చింది

వాట్సాప్ బిజినెస్‌లో మొదటిసారి రాసినవారికి, 14 రోజులుగా మాట్లాడనివారికి స్వాగత సందేశం దానంతట అదే వెళ్లేలా దుకాణదారు పెట్టుకోవచ్చు. దాన్ని చూసి ఏదీ తేల్చవద్దు. రెండో జవాబు వచ్చేదాకా ఆగండి.

లక్షణం: మీ మాటే ప్రశ్నగా తిరిగి వస్తోంది

1966లో కంప్యూటర్ శాస్త్రవేత్త జోసెఫ్ వైజెన్‌బామ్ వెల్లడించిన ఎలైజా అనే ప్రోగ్రాము ఇలాగే మన వాక్యాన్ని ప్రశ్నగా తిప్పి అడిగేది. అంతమాత్రానికే కొందరు అది తమను అర్థం చేసుకుంటోందని నమ్మారు. ఇలాంటప్పుడు వెళ్లి చూస్తే తప్ప తెలియని సంగతి అడగండి: "వంటగది కిటికీ ఎటువైపు తెరుచుకుంటుంది?" మనిషైతే చూసి చెబుతానని అనవచ్చు, బాట్ చాలాసార్లు తడుముకోకుండా ఏదో ఒక దిక్కు చెప్పేస్తుంది.

లక్షణం: కాసేపు మనిషిలా, కాసేపు యంత్రంలా

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఒకే నంబరు వెనుక బాట్, మనిషి ఇద్దరూ ఉంటారు. మామూలు ప్రశ్నలకు బాట్ జవాబిస్తుంది, బేరం దగ్గరికి వచ్చేసరికి మనిషి అందుకుంటాడు, ఆ తర్వాత మళ్లీ బాట్ వస్తుంది. మీరు మధ్యలో పెట్టిన పరీక్షలో మనిషి నెగ్గితే, మొత్తం సంభాషణ మనిషిదేనని నమ్మేస్తారు. ఇల్లు చూపించే వ్యక్తి "అడ్వాన్స్ ఒక నెలది చాలు అన్నా" అని పొట్టిగా రాసి ఒప్పుకుంటాడు. మర్నాడు అదే నంబరు నుంచి "నమస్కారం అండి, రెండు నెలల అడ్వాన్స్ చెల్లించవలసి ఉంటుంది" అని నిండు వాక్యం వస్తుంది. "అన్నా" పోయి "అండి" రావడం, వాక్యం పొడవు మారడం, మీరు ముందే చెప్పిన పేరును మళ్లీ అడగడం చేయి మారిందనడానికి గుర్తులు.

అందుకని సంభాషణ మొత్తానికి ఒకే తీర్పు ఇవ్వకండి. తీరు మారిన ప్రతిసారీ మళ్లీ పరీక్షించండి. డబ్బుకు సంబంధించిన ఏ ఒప్పుకోలునైనా ఫోన్‌లో అదే మనిషి నోట మరోసారి చెప్పించుకోండి.

అక్షరదోషాలు, జవాబు ఆలస్యం కావడం, తెలంగాణ యాసలో రాయడం ఇప్పుడు రుజువులు కావు. ఈ మూడూ బాట్ చేయగలదు. వీడియో కాల్‌లో ముఖాన్ని మార్చి కనిపించే మోసాలు ఉన్నాయి కానీ, అద్దె ఇంటి బేరాల్లో వాటి గురించి ముందుగా బెంగపడనక్కర్లేదు.

డబ్బు పంపాక మోసమని తెలిస్తే, అవతల ఉన్నది ఎవరన్న విచారణ పక్కన పెట్టి వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.