యూరియా వేసి పది రోజులైనా వరి పసుపుగానే ఉందా?

లక్షణం: నాటిన మూడు వారాలకు పైపాటుగా యూరియా చల్లారు. పది రోజులైనా మడి పాలిపోయే ఉంది, పిలకలు రావట్లేదు. గట్టు అవతల పొలం మాత్రం నిగనిగలాడుతోంది.

ఇలా అడిగేవాళ్లలో సగం మంది అడిగేసరికే ఇంకో అర బస్తా చల్లేసి ఉంటారు. చల్లేముందు ఒక దుబ్బు పీకి చూడండి బాబూ, రెండు నిమిషాల పని.

పసుపు ఏ ఆకు మీద ఉంది? కింది ముదురాకులు కొన నుంచి పసుపెక్కుతూ, పై లేతాకు కాస్త పచ్చగా ఉంటే నత్రజని లోటే. పైరు ముదురాకులోది లాగి లేతాకుకు పెట్టుకుంటుంది. అలా కాక లేతాకే ముందు పాలిపోతే గంధకమో ఇనుమో తక్కువైంది, యూరియా బస్తా పక్కన పెట్టండి. తర్వాత వేరు. తెల్లగా ఉన్నా, తుప్పు రంగు పూత ఉన్నా ఫరవాలేదు. నల్లబడి కుళ్లిన గుడ్ల వాసన వస్తుంటే ఆ వేరుకు ఏ ఎరువు పెట్టినా దండగే. నీళ్లు తీసేసి, కొత్త తెల్ల వేరు కనపడ్డాకే ఎరువు మాట.

ముదురాకే పసుపు, వేరు బాగుంది. మరి వేసిన యూరియా ఏమైంది?

నన్ను బాగా దెబ్బ తీసింది ఇదే. 45 కిలోల బస్తాలో నత్రజని సుమారు 20.7 కిలోలు. వేరు దాన్ని యూరియా రూపంలో పెద్దగా తీసుకోదు. తడి నేలలో మూడు నాలుగు రోజుల్లో అది అమ్మోనియంగా మారుతుంది. అమ్మోనియానిది ధనావేశం, బంకమట్టిది రుణావేశం, కాబట్టి మట్టిని అంటిపెట్టుకుని ఉంటుంది. దమ్ము చేసిన మడిలో గాలి ఆడదు గనక అలాగే నిలుస్తుంది, వరికి కావలసిందీ అదే. మిరప, పత్తి, మొక్కజొన్న చేలలో కథ వేరు. అక్కడ గాలి ఆడుతుంది, సూక్ష్మజీవులు అమ్మోనియాన్ని నైట్రేటు చేస్తాయి, ఆ పైర్లు ఎక్కువగా తీసుకునేది నైట్రేటునే.

ఇప్పుడు కాలువ వంతుల సంగతికి రండి. యూరియా చల్లారు, వంతు తప్పింది, మడి ఆరి నెర్రెలిచ్చింది. నెర్రెల్లోంచి గాలి దిగి, మీ వరి మడి నాలుగు రోజులు మిరప చేను అయింది. అమ్మోనియం నైట్రేటు అయిపోయింది. వారానికి నీళ్లొస్తే సంబరంగా నిండా పెట్టారు. గాలి అందని బాక్టీరియా ఊపిరి కోసం నైట్రేటులోని ఆక్సిజన్ వాడుకుని, నత్రజనిని వాయువుగా వదిలేస్తాయి. మట్టి పట్టుకోని నైట్రేటు కొంత నీటితో కిందికి జారుతుంది. కంటికి కనపడదు, వాసన రాదు. రెండు సీజన్లు నేను దీన్ని కల్తీ యూరియా అనుకుని కొట్టు మార్చాను!

పట్టుకోవడం తేలికే, మడి చుట్టూ తిరగండి. మెరక మీద ఆరినచోట పసుపు, పల్లంలో నీళ్లు నిలిచినచోట పచ్చగా ఉంటే ఇదే. మడంతా ఒకేలా ఉంటే వేరే కారణం వెతకాలి.

"వేపపూత యూరియా కదా" అంటారు. 2015 నుంచి మనకొచ్చే యూరియాకు వేపపూత తప్పనిసరే. అది నైట్రేటుగా మారడాన్ని నెమ్మదింపజేస్తుంది, ఆపదు.

చేయాల్సింది: తేదీ చూసి కాదు, నీళ్ల వంతు చూసి యూరియా వేయండి. నీళ్లు తీసి బురద పదునులో సమానంగా చల్లి, 36 నుంచి 48 గంటల తర్వాత పలచగా నీళ్లు పెట్టండి. ఆపై పది రోజులు నెర్రె రానివ్వకండి. ఆరుతడి చేసేవాళ్లు, మడిలో పాతిన చిల్లుల గొట్టంలో నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాక తడి ఇచ్చుకోవచ్చు గానీ, పైపాటు వేసిన వారం మాత్రం ఆ ప్రయోగం వద్దు. మెరక సరిచేయడం వచ్చే దమ్ములో పని. ఇప్పటికి పోయింది పోయింది. పైరును నిలబెట్టడానికి లీటరుకు 20 గ్రాముల యూరియా కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. వేరులా కాదు, ఆకు యూరియాను ఉన్నదున్నట్టే తీసుకుంటుంది. నీళ్ల భరోసా ఉన్నాకే మిగతా మోతాదు నేలకు.

మిరపకు పనిచేసిందని కాల్షియం నైట్రేటు తెచ్చి నిండు మడిలో కుమ్మరించేవాళ్లూ ఉన్నారు. ఇంత కథ అక్కర్లేకుండానే ఆ డబ్బు గాల్లో కలుస్తుంది.

మిగతావి: పాచి పట్టిన నిలవ నీళ్లలో యూరియా చల్లితే ఎండపూట అమ్మోనియా ఆవిరైపోతుంది, నీళ్లు తీసి వేయండి. నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో ఆకుల మీద తుప్పు మచ్చలుంటే జింకు లోపం, లీటరుకు 2 గ్రాముల జింకు సల్ఫేటు పిచికారీ. మెట్ట నారుమడిలో లేతాకులు తెల్లబడితే ఇనుము లోపం, అన్నభేది (ఫెర్రస్ సల్ఫేటు) పిచికారీ. కల్తీ యూరియా అనుమానం అన్నిటికంటే ఆఖరున.