రాళ్లపైకి ఎక్కే రిమోట్ కారైన రాక్ క్రాలర్‌లో బెల్టు జారుడు సరిచేసే ముందు జాగ్రత్తలు

• స్విచ్ ఆపితే చాలదు; లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీని కనెక్టర్ దగ్గరే విడదీసి పక్కన పెట్టాలి, ఎందుకంటే రిమోట్ పొరపాటున నొక్కుకుని మోటారు కదిలితే బెల్టుకూ పుల్లీకీ మధ్యనున్న వేలు నలుగుతుంది.

• మోటారు చల్లారేదాకా ఆగండి.

• బెల్టును తప్పుపట్టే ముందు పుల్లీని షాఫ్టుకు పట్టి ఉంచే గ్రబ్ స్క్రూను (తల లేని చిన్న స్క్రూను) పరిశీలించండి. అది వదులైతే షాఫ్టు తిరుగుతున్నా పుల్లీ కదలదు, పైకి మాత్రం బెల్టే జారినట్టు కనిపిస్తుంది. ఆ స్క్రూ మొన షాఫ్టుపై చదునుగా చెక్కిన చోటే ఆనాలి.

• పళ్లు అరిగిన బెల్టును బిగించడం, నా దృష్టిలో, వృథా ప్రయాస; పైగా అతి బిగువు బేరింగులను పాడుచేస్తుంది.

• గ్రీజు మరకలను పెట్రోలుతో తుడవకండి, రబ్బరు ఉబ్బుతుంది.

• పరీక్షించేటప్పుడు నాలుగు చక్రాలూ గాలిలో ఉండేలా బండిని దిమ్మపై నిలపాలి.