స్లాబ్ పోసే రోజుకి ముందే సర్దుకోవాల్సినవి

స్లాబ్ మొదలుపెట్టాక మధ్యలో ఆగకూడదు, అందుకే అసలు పనంతా ముందురోజే. వెయ్యి చదరపు అడుగులు, 5 అంగుళాల మందం అనుకుంటే ఎం20 మిక్స్‌కి (ఒక పాలు సిమెంట్, ఒకటిన్నర పాళ్లు ఇసుక, మూడు పాళ్లు కంకర) దాదాపు 95 సిమెంట్ బస్తాలు పడతాయి, బీములు వేరే లెక్క, కాబట్టి ఓ పది బస్తాలు ఎక్కువే దింపించుకోండి, మిగిలితే ప్లాస్టరింగ్‌కి పనికొస్తాయి.

సాయంత్రం వెలుతురు ఉండగానే మేస్త్రీని వెంటబెట్టుకుని పైకెక్కి చూడండి. ఇనుము కింద 20 ఎంఎం కవర్ బ్లాకులు (ఇనుము అడుగుకి తగలకుండా ఎత్తిపెట్టే చిన్న దిమ్మలు) ఉన్నాయా, కరెంటు పైపులు, ఫ్యాన్ బాక్సులు పెట్టారా, స్లాబ్‌ని కింది నుంచి మోసే సెంట్రింగ్ కర్రలు మెత్తటి మట్టిలో దిగిపోకుండా కింద చెక్కలు వేశారా అన్నది చూడాలి. ఇంజనీర్ చూసి సరేనన్నాకే మిల్లర్‌ని (కాంక్రీట్ కలిపే మిషన్) పిలవండి. కాంక్రీట్‌ని అదిరించి గట్టిగా సర్దే వైబ్రేటర్ రెండోది కూడా రెడీగా ఉంచండి, అది పాడయ్యేది సరిగ్గా స్లాబ్ మధ్యలోనే!

పోసేటప్పుడు మీరు కాపలా కాయాల్సింది నీళ్ల దగ్గర. బస్తాకి 30 లీటర్లు మించకూడదు. పని తేలికవుతుందని కూలీలు ఇంకో బకెట్ కుమ్మరిస్తారు, వాళ్లతో గొడవపడక ముందే కొలత బకెట్ పెట్టేయండి.

మర్నాడు మడులు కట్టి నీళ్లు నిలపాలి. పీపీసీ (బూడిద కలిపిన) సిమెంట్ అయితే కనీసం 10 రోజులు. గది వెడల్పు 4.5 మీటర్లు దాటితే కింది కర్రలు 14 రోజుల దాకా కదిలించొద్దు, సెంట్రింగ్ వాళ్లు వేరే సైట్ ఉందని ఎంత తొందరపెట్టినా సరే.