మెయిల్‌లో డిజైన్ బదులు ట్యాగులు కనిపిస్తుంటే

పైథాన్‌తో పంపిన హెచ్‌టీఎంఎల్ మెయిల్ తెరిస్తే డిజైన్ లేదు, ట్యాగులే బారులు తీరి ఉన్నాయి. మెయిల్ సోర్సు చూస్తే లోపలున్నది ఏ రకమో చెప్పే కంటెంట్-టైప్ దగ్గర 'టెక్స్ట్/ప్లెయిన్' (మామూలు టెక్స్ట్) అని ఉంది. మెయిల్‌లోని టెక్స్ట్ భాగాన్ని తయారుచేసే పైథాన్ క్లాసు మైమ్‌టెక్స్ట్‌కి రెండో ఆర్గ్యుమెంటు ఇవ్వకపోతే అదే డిఫాల్టు. అక్కడ 'హెచ్‌టీఎంఎల్', మూడోదిగా 'యూటీఎఫ్-8' ఇచ్చాక దారికొచ్చింది.

పనిలో పనిగా మామూలు టెక్స్ట్ వెర్షన్ కూడా చేర్చి, రెండింటినీ 'మల్టీపార్ట్/ఆల్టర్నేటివ్'లో, అంటే ఒకే విషయాన్ని వేర్వేరు రూపాల్లో ఉంచే మెయిల్ భాగంలో పెట్టాను. ఇక్కడ వరసే అసలు సంగతి: ముందు టెక్స్ట్, చివర హెచ్‌టీఎంఎల్. మెయిల్ యాప్ తనకు అర్థమయ్యేవాటిలో ఆఖరిదానికే ప్రాధాన్యం ఇవ్వాలన్నది నియమం. తిరగేస్తే మీ డిజైనంతా బూడిదలో పోసిన పన్నీరే.

స్టైల్స్ ఒక్కో ట్యాగులోనే రాశాను. హెచ్‌టీఎంఎల్ హెడ్ భాగంలో పెట్టినవాటిని కొన్ని యాప్‌లు తీసిపారేస్తాయి. బొమ్మలకు పూర్తి యూఆర్‌ఎల్ ఇచ్చాను.